వ్రాతపుస్తకపు బరువు

దాచవలసినది ఎంత, విడువవలసినది ఎంత యను ప్రశ్న అటక దులుపు దినమున ప్రతి గృహస్థునకును ఎదురగును. కాలు విరిగిన కుర్చీ, తాళపుచెవి పోయిన పెట్టె, ఎవరి పెండ్లిదో మరచిపోయిన శుభలేఖల కట్ట, వీనిని చేతబట్టుకొని ఒక నిమిషము తటపటాయింపని వారుండరు. అయినను అటక నిండిన కొలదియు దాని బరువు కంటికి కనబడును. నిచ్చెన యెక్కినవాని తలకు తగులును. ఒకనాటికి నిర్ణయము చేయక తప్పదు. కంటికి కనబడక, తలకు తగులక, ఎన్నటికిని నిండినట్లు తోపని అటక యొకటి ఈ కాలమున మన చేతికి వచ్చినది. అందులో మనము దాచినవి మనలను ఏమి చేయుచున్నవో, వానిని ఏరివేయు హక్కు ఎవరిదో విచారించుటకు మా యింట జరిగిన యొక చిన్న సంగతిని ఆధారముగా గైకొనుచున్నాను.

మా అక్కయ్య ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నది. 2018లో ఆమె కుమారుడు ఒక ట్యాబ్లెట్‌ను, దానిపై వ్రాయుటకు తగిన పెన్నును కొని తెచ్చి యిచ్చెను. కొన్నాళ్లు అది దేవుని గూటి ప్రక్కన గుడ్డ కప్పుకొని యుండెను. ఒకనాడు ఆమె పాలవాని లెక్క దానిపై వ్రాసి చూచి, అక్షరము అచ్చముగా తన అక్షరమే యగుట కనుగొని సంతోషించినది. నాటినుండి "ఇల్లు" అను పేరుతో ఒక పుస్తకము తెరచి సమస్తమును అందులోనే వ్రాయసాగినది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీలు, ఆవకాయకు ఉప్పు కారము ఆవపిండి పాళ్లు, బంధువుల పుట్టినదినములు, ఎవరి పెండ్లికి మనము ఎంత చదివించితిమి, తిరిగి వారు ఎంత చదివించిరి; తరువాత బావగారి మందుల పేర్లు, రక్తపరీక్షల కాగితములకు తీసిన ఫోటోలు, వైద్యుడు చెప్పుచుండగా పుస్తకములోనే ధ్వనిముద్రణ చేసిన మాటలు. కాగితపు పుస్తకమైనచో ఇన్నూరు పుటలకు అట్ట అడ్డువచ్చును. దీనికి అట్ట లేదు. క్రిందికి జరిపిన కొలదియు తెల్లని పుట ఒకటి సిద్ధముగా నుండును. ఆరేండ్లలో పుటలు 1,400 దాటినవి.

2022లో బావగారికి పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పినది. వ్యాయామము చేయించువారు వ్రాత సాధన చేయుమనిరి. కాగితము జరిగిపోవుచుండుటచే ఆయనయు ఆ ట్యాబ్లెట్ పైననే, ఆ "ఇల్లు" పుస్తకములోనే, ఓనమాలు దిద్దసాగిరి. డెబ్బదియేండ్ల పెద్దమనిషి పలకపట్టి అకారము దిద్దుట చూచి మాకు కన్నుల నీరు తిరిగెడిది. ఆయన మాత్రము "ఈ మారు బెత్తం దెబ్బలు లేవయ్యా" అని నవ్వుచుండిరి.

పుస్తకము మెల్లమెల్లగా మందగించినది. మొదట తెరచునప్పుడు కొంత జాగు. తరువాత పుట మార్చునప్పుడు తెల్లని తెర. తుదకు పెన్ను ముందు పోవుచుండగా గీత వెనుకనుండి నడచి వచ్చుట. పసిబిడ్డను వెంట నడిపించుకొని పోవు తల్లివలె అక్కయ్య ఒక అక్షరము వ్రాసి, అది వచ్చువరకు ఆగి, రెండవది వ్రాసెడిది. ఎవరికిని చెప్పలేదు. కష్టమునకు అలవాటుపడుట మన ఇండ్లలో స్త్రీల సుగుణముగా ఎన్నబడును. ఎన్ని అనర్థములు ఆ సుగుణము చాటున పెరిగినవో లెక్కలేదు.

2023లో ఒక ఆసుపత్రిలో వైద్యుడు ఆమెను ఒక్క ప్రశ్న అడిగెను: రక్తమును పలుచన చేయు మందును నడుమ ఎప్పుడు ఆపితిరి, మరల ఎప్పుడు మొదలిడితిరి? సమాధానము పుస్తకములో నున్నది. తేదీతో, వేళతో, క్రింద ఎర్రగీతతో నున్నది. పుస్తకము తెరచుకొనలేదు. తెర తెల్లగా నిలిచి, నడుమ చిన్న వలయము తిరుగుచుండెను. వెనుక వరుసలో రోగులు నిలిచియుండిరి. వైద్యుడు కొంతసేపు వేచి, చివరకు మరల రక్తపరీక్ష వ్రాసి పంపివైచెను. సొమ్ము పోయిన మాట అటుండనిండు. ఆ దినమంతయు బావగారు చక్రముల కుర్చీలో ఆకలితో కూర్చుండవలసివచ్చినది. ఆయన మరుసటి సంవత్సరము కాలధర్మము నొందిరి. దానికిని దీనికిని సంబంధము లేదు. వైద్యులు అట్లే చెప్పిరి, నేనును అట్లే నమ్ముచున్నాను. అక్కయ్య నమ్మినదో లేదో నే నెరుగను. "అంతా వ్రాసుకున్నాను తమ్ముడూ, అక్కరకు ఒక్కటీ రాలేదు" అని ఆమె పలుమారు అనెడిది.

ఈ మందగింపునకు కారణమేమి? దీనిని తెలిసికొనుట యంత్రములతో పని గలవారికే గాక ధర్మవిచారము చేయువారికిని అవసరమని నా అభిప్రాయము. కారణము తెలియనిచోట నింద బలహీనుల పైననే పడును. "అమ్మకు వాడుట రాదు" అని తేల్చివేయుట ఎంత సులభము!

కాగితము సిరాను మాత్రమే ఉంచుకొనును. చేయి ఏ వేగముతో కదలినదో, ఎక్కడ ఆగినదో, ఎక్కడ నొక్కినదో అది మరచిపోవును. ట్యాబ్లెట్ అట్లు కాదు. అది వ్రాతను బొమ్మగా గాక కదలికగా గ్రహించును. ఈ ఊహ క్రొత్తది కాదు. 1888లోనే అమెరికాలో ఎలీషా గ్రే యనునతడు చేతివ్రాత కదలికను తీగమీద పంపి, దూరమున నున్న కలముచే అట్లే వ్రాయించు యంత్రమునకు పేటెంటు పొందెను. ఆ యంత్రము కదలికను పంపినదే కాని దాచుకొనలేదు. నేటి పలక దాచుకొనును. 2015లో ఆపిల్ సంస్థ తన పెన్నును తెచ్చినప్పుడు, ఐప్యాడ్ ప్రో తెర ఆ పెన్ను జాడను సెకనుకు 240 మారులు పరిశీలించునని ప్రకటించెను. ఒక గంట వ్రాసినచో అందులో సగము కాలము పెన్ను తెరను తాకియుండునని అనుకొందము. 4,32,000 పరిశీలనలు! ప్రతిదానియందును పెన్ను అడ్డముగా ఎంతదూరమున నున్నది, నిలువుగా ఎంతదూరమున నున్నది, ఎంత నొక్కినది, ఎంత వంగినది యను లెక్కలుండవచ్చును. అన్ని యాపులును అన్నిటిని దాచవు. కొన్ని కుదించి దాచును. అయినను పుట తెరచినప్పుడు ఈ బిందువులను మరల కలిపి గీతలను క్రొత్తగా గీయవలసినదే. మనము చదువుటకు తెరచితిమని అనుకొందుము. యంత్రము పాపము మొదటినుండి వ్రాయుచుండును.

ఇంకొక విచిత్రము కలదు. కాగితముపై రబ్బరుతో తుడిచినచో వ్రాత తగ్గును. ఇచ్చట గీతలో నడిమి భాగమును మాత్రము తుడుచు రబ్బరును వాడినచో ఒక గీత రెండు గీతలగును. పది చోట్ల తుడిచినచో పదునొకండు ముక్కలగును. తుడిచిన కొలదియు లెక్క పెరుగును. మనస్సులోని మాటను సగము సగము తుడిచికొనువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

గీతలకంటె ఫోటోలు ఘనమైన దోషులు. ఇప్పటి ఫోనుతో తీసిన ఫోటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుండుట సామాన్యము. ఫైలులో అది మడతపెట్టి కుదించియుండుటచే చిన్నదిగా కనబడును. తెరపై చూపుటకు విప్పునప్పుడు చుక్కకు మూడు బైట్ల చొప్పున 3 కోట్ల 60 లక్షల బైట్ల మెమరీని ఆక్రమించును. పెట్టెలో మడచిన పట్టుచీర గదిలో పరచినట్లు. అక్కయ్య పుస్తకములో అట్టివి సుమారు 300. యంత్రము అన్నిటిని ఒక్కమారు విప్పదు గాని, పుటలు త్వరత్వరగా త్రిప్పునప్పుడు ముందువానిని మడచుటకు మునుపే వెనుకవానిని విప్పవలసివచ్చి ఉక్కిరిబిక్కిరి యగును. వీనికి తోడు, ఒక్క పుటలో ఒక్క మాట మార్చినను పెద్ద ఫైలు నంతటిని మరల దూరపు సర్వరునకు పంపు ఏర్పాటు కొన్ని యాపులలో కలదు. లోపల ఖాళీ స్థలము తరిగియుండుట, యాపు పాతబడుట, యంత్రము వేడెక్కుట, ఇవియు కారణములే. వీనిని సరిచేయుట సులభము, మేమును చేసితిమి. కొంత కుదుటబడినది. అసలు బరువు అట్లే యుండెను.

క్రొత్త ట్యాబ్లెట్ కొనుడని అంగడివాడు చెప్పెను. అతని ధర్మము అతడు చెప్పినాడు. క్రొత్తది కొన్నచో రెండేండ్లు వేగముగా నడచును. పిమ్మట పుటలు 2,000 అగును. గోదాము పెద్దదైన కొలదియు ధాన్యము పెరుగదు, ఎలుకలు పెరుగును. యంత్రముల శక్తి ఏటేట హెచ్చుచున్నది, నిజమే. చదువువాని కన్నులును, ఆయుర్దాయమును అట్లు హెచ్చుట లేదు.

మా మేనల్లుడు ఫోనులో మరియొక ఉపాయము చెప్పెను. "మామయ్యా, పుస్తకమంతా పీడీఎఫ్‌గా మార్చి, గీతలన్నీ బొమ్మలో కలిపేద్దాం. గంటలో పని అయిపోతుంది." ఉపాయము తప్పు కాదు. గీతలు బొమ్మలో కలిసినచో యంత్రము వేలకొలది గీతలు గీయు పని తప్పి ఒక్క బొమ్మ చూపి ఊరకుండును. కాని అటుపిమ్మట ఆ గీతను కదల్చలేము, తుడువలేము, రంగు మార్చలేము. ఏది ముందు వ్రాసినది ఏది వెనుక వ్రాసినది తెలియరాదు. కదలిక పోయి జాడ మిగులును. అనగా మరల కాగితమగును.

ఇందు యంత్రపు మాటల చాటున ఒక ధర్మసూక్ష్మము దాగియున్నది. గీతను గీతగా ఉంచుట యనగా "దీనిని ఇంకను మార్చవచ్చును" అని యంత్రమునకు చెప్పుట. బొమ్మలో కలుపుట యనగా "ఇది ముగిసినది" అని చెప్పుట. అక్కయ్య పుస్తకము నడువలేకపోయినది అందు వ్రాత ఎక్కువయైనందున మాత్రమే కాదు. ఆరేండ్ల వ్రాతలో ఒక్క మాటయైనను ముగిసినట్లు ఎవరును చెప్పకపోయినందున. 2018 నాటి గ్యాసు బండ తేదీని 2024లో సవరించు స్వేచ్ఛను ఆ యంత్రము భద్రముగా మోయుచుండెను. చదివింపుల పట్టికలో ఫలానావారు నూటపదహార్లతో సరిపెట్టిరని యున్నది. దానిపై పసుపురంగు గీత మూడుమారులు పడినది. కాగితపు పుస్తకమైనచో ఆ పుట ఏనాడో చెదలకు పోయి, ఆ చుట్టరికము బాగుపడియుండెడిది.

పూర్వులకు ముగింపు అప్రయత్నముగా దొరకెడిది. ఉగాదికి క్రొత్త లెక్కల పుస్తకము తెరచు వర్తకుడు పాత పుస్తకము నంతటిని ఎత్తి వ్రాసికొనడు. నిలువ ఎంత, రావలసినది ఎంత, ఇయ్యవలసినది ఎంత, ఈ మూడు మాటలు తెచ్చుకొనును. తాటియాకుల కాలమున ఇంకను కఠినము. ఆకులు శిథిలమగునప్పుడు ఎవరైనను కూర్చుండి గంటముతో మరల వ్రాయవలెను. ఎవరును వ్రాయనిచో గ్రంథము అంతరించును. ఏది మిగులవలెనో వ్రాయసగాని మెడనొప్పియే తీర్పు చెప్పెడిది.

ఇట్లు ఏరివేతను పొగడుచుండగా నాకు బ్రౌను దొర జ్ఞాపకము వచ్చి నోరు మూతపడినది. 1820లో కడపకు వచ్చిన ఆ ఉద్యోగి, నాటి పండితులు పలువురు లెక్కగొనని వేమన పద్యముల ప్రతులను వెదకించి తెప్పించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. ఏరివేతగాండ్రే సర్వాధికారులై యుండినచో నేడు మనకు మిగులునది ఎంత? పనికిరాదని ఒకడు తేల్చినంతమాత్రమున ఏదియు పనికిరానిది కాబోదు. అయితే బ్రౌను చేసినది కుప్పవేయుట కాదను సంగతియు మరువరాదు. జీతములిచ్చి పండితులను కూర్చుండబెట్టి, ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి, భేదములు గుర్తింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించెను. దాచినది దొరకునట్లు చేయుటకే ఆ శ్రమ. దొరకనిదానిని దాచితిమనుట మాటవరుసకే యని ఆసుపత్రి వరుసలో నిలిచిన మా అక్కయ్యకు తెలిసినంతగా మరెవరికి తెలియును?

మేనల్లుని ఉపాయమును ఆమెకు చెప్పితిని. ఆమె విని, "అప్పుడది ఆయన వ్రాత కాదు, ఆయన వ్రాతకు ఫోటో. ఫోటోలు గోడకు ఉన్నాయిగా" అనెను. నేను మొదట దీనిని మూఢభక్తిగా తలచితిని. ఆకారము మారనప్పుడు గీతయైన నేమి, బొమ్మయైన నేమి? నా యభిప్రాయమును మార్చినది ఒక గణితపు సంగతి.

వంకర గీతలోని బిందువులను తగ్గించుటకు ఒక పద్ధతి కలదు. 1972లో రామెర్ అనునతడును, 1973లో డగ్లస్, ప్యూకర్ అను నిద్దరును వేరువేరుగా దానిని ప్రకటించిరి. గీత రెండు కొనలను తిన్నని రేఖతో కలుపవలెను. ఆ రేఖకు అన్నిటికంటె దూరమున నున్న బిందువు ఏదో చూడవలెను. ఆ దూరము మనము పెట్టుకొన్న మేరకు లోపల నున్నచో నడిమి బిందువులన్నియు విడువవచ్చును. మేర దాటినచో ఆ బిందువును నిలిపి, అచ్చట గీతను రెండుగా చేసి, ఒక్కొక్క భాగమును మరల అట్లే పరీక్షింపవలెను. పటములపై నదులను, సముద్రతీరములను గీయువారికి ఇది మిక్కిలి ఉపకరించినది. అడ్డగీతకు రెండు బిందువులు చాలును. మన "ఞ"కారమునకు చాలవు, అది వేరు మాట. ఎంత చక్కని పద్ధతియైనను ఆ మేర ఎంత యుండవలెనో గణితము చెప్పదు. దానిని మనుష్యుడే చెప్పవలెను.

దీనిని బావగారి పుటలకు అన్వయించి చూడుడు. ఆయన దిద్దిన అకారము గుండ్రముగా లేదు. గీత అడుగడుగునకు వణకుచున్నది. ఆ వణకు అక్షరపు త్రోవనుండి వెండ్రుకవాసి దూరమే తప్పును. మేర కొంచెము పెంచినచో వణకంతయు మాయమై చక్కని అకారము మిగులును. చదువువానికి మేలే. కాని పక్షవాతము వచ్చిన మనిషి ఆ దినమున వ్రాసినది ఆ వణకే గదా! అకారము ఎవరైనను వ్రాయుదురు. కుడిచేయి ఎక్కడ మొరాయించినది, ఎక్కడ ఆగి మరల బయలుదేరినది, ఎన్నవనాటికి వణకు కొంత తగ్గినది, ఇదియంతయు ఆ విడువదగిన బిందువులలోనే యున్నది. పాల లెక్కలో చెత్తయైనది ఇచ్చట సారము. రెంటికిని ఒకే మేర పెట్టువాడు గణితమున తప్పు చేయలేదు, మరియొకచోట చేసినాడు.

ఇది తోచిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన దేశమున మగడు పోయిన స్త్రీ ఏమి విడువవలెనో ఊరివారు కూర్చుండి నిర్ణయించిన కాలము ఎంతో దూరము లేదు. కొన్ని ఇండ్లలో అది ఇంకను గతింపలేదు. బొట్టు, గాజులు, పూలు, రంగుచీర, కొందరి విషయమున తలవెండ్రుకలు సైతము. ఒక్కొక్కటియే ఆమె ఒంటినుండి తీయించినవారు తాము ధర్మము చేయుచున్నామనియే నమ్మిరి. ఆమెను అడిగినవారు లేరు. ఆ దురాచారమును నిరసించుచు పెరిగిన వారము మేము. అక్కయ్య బొట్టు తీయరాదని ఆ పది దినములలో పెద్దలతో వాదించినవాడను నేను. అట్టి నేనును, చదువుకొన్న మా మేనల్లుడును, ఆచారము పేర గాక వేగము పేర, ఆమె యేమి విడువవలెనో ఆమె లేనిచోట ఫోనులో నిర్ణయించుచుంటిమి. మా ఉద్దేశము మంచిదే. ఊరివారి ఉద్దేశమును వారి దృష్టికి మంచిదే.

ఇందువలన ఏమియు తీయరాదని నా భావము కాదు. తీయకుండుట వలన కలిగిన కష్టమును చక్రముల కుర్చీలో చూచితిమి. తీయు పనిలో చేతిశ్రమ వేరు, మనస్సుతో ఎంచు పని వేరు. మొదటిది ఎవరైనను చేయవచ్చును. ఆమెకు రాని పనిని చేసిపెట్టుట మా విధి. రెండవదానిని సాయము పేర లాగికొనుట అపహరణమే. అది ఒక గంటలో తీరదు. తీరనక్కరలేదు.

2025 సంక్రాంతి దాటిన పిమ్మట మొదలిడి పదునొకండు సాయంకాలములు కూర్చుంటిమి. మొదట పుస్తకము మొత్తమునకు ప్రతి తీసి వేరొక డిస్కులో నుంచితిమి. ప్రతి తీసినంత చాలదు, అది తెరచుకొనునో లేదో చూడవలెను. చాల ఇండ్లలో ఈ రెండవ పని చేయరు, అవసరము పడిననాడు విచారింతురు. తెరచి చూచితిమి. దానిని కన్నులార చూచిన పిమ్మటనే అక్కయ్య పెన్ను చేతబట్టినది. తరువాత సంవత్సరమునకు ఒక పుస్తకముగా విభజించితిమి. పరీక్షల కాగితముల ఫోటోలను 1,200కు 1,600 చుక్కల పరిమాణమునకు తగ్గించితిమి. అంకెలు చదువుటకు అది చాలును, విప్పినప్పటి బరువు ఆరవ వంతునకు దిగును. ఆ అచ్చు కాగితములపై ఆమె పెట్టిన గురుతులను మాత్రము బొమ్మలో కలిపితిమి. ధ్వనిముద్రణలను వెలికి తీసి తేదీల పేర్లతో వేరుగ నుంచితిమి. ఇప్పుడామె వాడు మందుల పేర్లును, మొదలిడిన తేదీలును ఒక కాగితముపై సిరాతో వ్రాసి ఆమె చేతిసంచిలో పెట్టితిమి. దానిని తెరచుటకు కరెంటు అక్కరలేదు.

ఆమె ఏది ఉంచునో ఏది తీయునో నేను ముందే ఊహించుకొంటిని. ఒక్క ఊహయు నిలువలేదు. చదివింపుల పట్టికను నేను చెప్పకముందే తీసివేసినది. "అందరికీ ఇచ్చేశాం, అందరూ ఇచ్చేశారు" అనెను. 2019 నాటి పాల లెక్క మొత్తము తీసివేయుదమనగా ఒక పుటను ఆపినది. అందు మూల బావగారి చేతివ్రాత, పక్షవాతమునకు ముందటిది, "రెండు లీటర్లు ఎక్కువ వేసినాడు" అని యున్నది. నాలుగు మాటలు. ఆ పుట మిగిలెను. కడపటి నలువది దినముల జ్వరపు పట్టికను ఆమె ప్రాణమువలె దాచుకొనునని నే ననుకొంటిని. ఆమె ఒక్కొక్క పుటను చూచి ఒక్కొక్కటియే తీసివేయుచుండగా నేను వారింపబోతిని. "ఇవి ఆయనవి కావు తమ్ముడూ, జ్వరానివి" అనెను. నేనును మా మేనల్లుడును ఆమె లేకుండ ఆ పని చేసియుండినచో పాల లెక్క పోయి జ్వరము మిగిలియుండెడిది.

ఇప్పుడు 2019 పుస్తకము తాకినంతనే తెరచుకొనును. మొదటిసారి అట్లు తెరచుకొన్నప్పుడు ఆమె ఉలికిపడి చేయి వెనుకకు తీసికొన్నది. బావగారి ఓనమాల పుటలు 61 మాత్రము వేరొక పుస్తకముగా నున్నవి. అందు ఒక గీతను కలుపలేదు, ఒక బిందువును తీయలేదు. దిద్ది, తుడిచి, మరల దిద్దిన అక్షరములగుటచే పుట పుటకును లెక్కకు మిక్కిలిగా ముక్కలు; పుటలు తక్కువయైనను అన్నిటికంటె బరువైన పుస్తకము అదియే. సాయంకాలమున అక్కయ్య దానిని తాకి, తెరమీద వలయము తిరుగుచుండగా వంటింటికి పోయి కాఫీ కలుపుకొని వచ్చును.